ఘంటాపథం: దారి పేరు, మాట తీరు

సందేహానికి తావివ్వకుండా, నలుగురూ వినేలా, పూచీ తన మీద వేసుకుని ఒక విషయం చెప్పడాన్ని తెలుగులో 'ఘంటాపథంగా చెప్పడం' అంటారు. సభల్లో, సంపాదకీయాల్లో, న్యాయస్థానాల వాదనల్లో, పరిశోధన గ్రంథాల పీఠికల్లో కనిపించే గంభీరమైన పదం ఇది. ఇంట్లో అన్నాల దగ్గర ఎవరూ వాడరు. అక్కడ 'ఖాయంగా', 'కచ్చితంగా', మరీ అవసరమైతే 'ఒట్టు' సరిపోతాయి. చాలామంది దీన్ని గుడి గంటతో ముడిపెట్టి, ఖంగుమని మోగేలా చెప్పడం అని అర్థం చేసుకుంటారు. పదంలో గంట ఉన్న మాట నిజమే. కానీ సమాసంలో ప్రధానమైనది గంట కాదు, దారి. సంస్కృతంలో ఘంటాపథం అంటే పెద్ద వీధి, రాజమార్గం.

అమరకోశం భూమివర్గంలో దారుల పేర్లు వరసగా చెబుతూ ఘంటాపథాన్ని 'సంసరణం' అనే పదానికి తోడుగా పెట్టింది. జనమూ వాహనాలూ ధారాళంగా సాగే బాట అని దాని భావం. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే దారి గనుక ఆ పేరు వచ్చిందని వ్యాఖ్యాతల వివరణ. ఏనుగు వస్తోందంటే పాదచారులు తప్పుకోవాలి. తప్పుకోవాలంటే ముందే వినపడాలి. ఆ గంట అలంకారం కన్నా ముందు హెచ్చరిక. పది ధనువుల వెడల్పున్న రాజమార్గమే ఘంటాపథమని చాణక్యుడి పేరుతో ఒక నిర్వచనాన్ని సంస్కృత నిఘంటుకారులు ఉదాహరిస్తారు. ధనువంటే నాలుగు మూరలు, అంటే దాదాపు 6 అడుగులు. ఆ లెక్కన ఈ వీధి వెడల్పు 60 అడుగులు. ఇవాళ్టి మన పట్టణాల్లో చాలా ప్రధాన రోడ్లు ఆక్రమణలు పోగా ఇంత మిగలవు.

దారి పేరు మాట తీరుగా ఎలా మారింది? దీనికి దగ్గరి ఆనవాలు ఒక తెలుగువాడు రాసిన సంస్కృత గ్రంథంలోనే ఉంది.

14-15 శతాబ్దాల నాటి కోలాచల మల్లినాథసూరి స్వగ్రామం ఇప్పటి మెదక్ జిల్లాలోని కొల్చారమని ప్రసిద్ధి. సంస్కృత మహాకావ్యాలను ఆయన వ్యాఖ్య లేకుండా చదివినవారు అరుదు. కాళిదాసు రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు 'సంజీవని', మాఘుడి శిశుపాలవధకు 'సర్వంకష', శ్రీనాథుడు తెలుగు చేసిన శ్రీహర్షుడి నైషధానికి 'జీవాతువు' ఆయన వ్యాఖ్యలే. ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ నియమం ఇవాళ్టి పత్రికలకు కూడా పనికొస్తుంది. భారవి రాసిన కిరాతార్జునీయానికి ఆయన చేసిన వ్యాఖ్య పేరు 'ఘంటాపథం'.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. కిరాతార్జునీయం 18 సర్గల కావ్యం. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం కాళిదాసుతో పాటు భారవిని కూడా పేర్కొంది కాబట్టి అప్పటికే ఆయన కీర్తి దక్కన్‌లో స్థిరపడింది. అర్థగౌరవానికి భారవి పెట్టింది పేరు. అంటే తక్కువ మాటల్లో ఎక్కువ బరువు. ఆ బరువు పాఠకుడి నెత్తినా పడుతుంది. 15వ సర్గలో దాదాపు 'న' అనే ఒక్క హల్లుతోనే నడిచే శ్లోకం ఉంది. దాన్ని వ్యాఖ్య లేకుండా విడదీయడం పండితులకే కష్టం. భారవి మాట కొబ్బరికాయ లాంటిదని, పైపెంకు పగలగొట్టి లోపలి సారం అందిస్తున్నానని మల్లినాథుడు తన వ్యాఖ్య మొదట్లోనే చెప్పుకున్నాడు. దానికి తోడు ఇంకో మాట కూడా అన్నాడు. ఎగుడుదిగుడు కాలిబాటల్లాంటి పదాల మధ్య అనుమానంగా అడుగులేస్తూ అలసిపోయినవాళ్లు ఏ శంకా లేకుండా ఈ కావ్యంలోకి ప్రవేశించేందుకు కొత్తగా ఒక ఘంటాపథం వేస్తున్నానన్నాడు.

ఇక్కడ రెండు దారులు ఎదురెదురుగా నిలబడ్డాయి. కాలిబాటకు గుర్తు సందేహం. ఘంటాపథానికి గుర్తు నిస్సందేహం. తెలుగులో 'ఘంటాపథంగా' అన్నప్పుడు వచ్చే మొదటి అర్థం కూడా నిస్సందేహంగా అనే కదా. కావ్యాలు చదువుకున్న ప్రతి తెలుగు విద్యార్థి నోటా శతాబ్దాల పాటు ఈ వ్యాఖ్య పేరు నలిగింది. బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయం వేసిన కిరాతార్జునీయం ప్రతుల్లో మూలం కింద ఇదే వ్యాఖ్య. పండితుల వాడుకలో రాజమార్గం మొదట 'బాహాటంగా' అనీ, ఆ తర్వాత 'శంక లేకుండా' అనీ అర్థం ఇవ్వడానికి ఈ పరిచయం తోడ్పడి ఉండాలి. పదంలోనే వినిపించే గంట శబ్దం మిగతా పని చేసింది: బహిరంగంగా, నిస్సందేహంగా చెప్పేది బిగ్గరగా కూడా చెప్పాలి గదా!

పొరుగు భాషలు ఇదే అవసరాన్ని మరో రకంగా తీర్చుకున్నాయి. కన్నడంలో 'ఘంటాఘోషవాగి' చెబుతారు. అక్కడ దారి లేదు, ఉన్నది గంట మోతే. తమిళులు 'ఆణిత్తరమాగ' చెబుతారు. ఆణి అంటే మేకు, కాబట్టి అది దిగ్గొట్టినట్టు చెప్పడం. 'అడిత్తు' చెప్పడం అని కూడా వారికి ఉంది, అంటే కొట్టి చెప్పడం. హిందీవారు ఢంకా మీద దెబ్బ వేసి చెబుతారు. ఇంగ్లీషులో ఈ పనికి ఉన్న బరువైన మాట 'అసెవరేషన్'. దాని లాటిన్ మూలం 'సెవెరుస్', అంటే కఠినమైన, గంభీరమైన అని. కోర్టు కాగితాల్లో లాయర్లు రాసే 'అవెర్‌మెంట్' వేరు. అది నిజం అనే అర్థమున్న 'వేరుస్' నుంచి వచ్చింది. చుట్టుపక్కల భాషలన్నీ ఏదో ఒకటి కొట్టి గట్టిదనం చూపిస్తే తెలుగు మాత్రం ఒక వీధిని తెచ్చి పెట్టుకుంది.

అలాగని తెలుగువాళ్లకు కొట్టడం రాదనుకోకూడదు. ఢంకా బజాయిస్తారు, బల్ల గుద్దుతారు, కుండ బద్దలు కొడతారు. పైకి ఒకటిగా కనిపించినా వీటి పనులు వేరు. కుండబద్దలు కొట్టినట్టు చెప్పినవాడు మొహమాటం వదిలాడు. అంతదాకా దాచిందేదో బయటపడింది. ఢంకా బజాయించి చెప్పినవాడిలో కాస్త గొప్ప ఉంది. 'బజాయించు' కూడా హిందీ 'బజానా' నుంచి దిగినదే. బల్ల గుద్దేవాడు ఎదుటివాళ్లు నమ్మడం లేదని తెలిసి పట్టుదలతో గుద్దుతాడు. తెగేసి చెప్పినవాడు బేరం ముగించాడు. ఘంటాపథంగా చెప్పినవాడికి ఎదుట ప్రత్యర్థి ఉండనక్కర్లేదు. ఆధారాలు చూసుకుని, తప్పయితే మాట పడడానికి సిద్ధపడి నోరు విప్పాడని ఆ పదం సూచిస్తుంది. అయితే ఇది చెప్పేవాడి ధీమాకు కొలత, చెప్పిన విషయం నిజానికి కాదు. ఘంటాపథంగా చెప్పిన ఎన్నికల జోస్యాలు తలకిందులవడం ప్రతి అయిదేళ్లకూ చూస్తున్నదే.

గ్రాంథికంలో దీనికి సాటి రాగలవి రెండు క్రియలు: వక్కాణించు, ఉద్ఘాటించు. రెంటి చరిత్రా వింతగానే ఉంటుంది.

'నొక్కి వక్కాణించడం' అనే జంట ఇప్పుడు విడదీయరానిదైపోయింది. నిజానికి వక్కాణింపులో నొక్కు లేదు. సంస్కృత 'వ్యాఖ్యానం' ప్రాకృతంలో 'వక్ఖాణం' అయింది, తెలుగులో 'వక్కాణం' అయింది. అంటే విడమరచి చెప్పడం. ఇదే ప్రాకృత పదం హిందీలో 'బఖాన్', గుజరాతీలో 'వఖాణ్' రూపాల్లో పొగడ్తగా స్థిరపడింది. పాత తెలుగు కావ్యాల్లో వక్కాణించు అంటే వివరించు, చెప్పు అనే సాదా అర్థమే. వాడుక నుంచి జారిపోయాక దానికి పెద్దరికం వచ్చింది. ఆ పెద్దరికానికి తోడుగా 'నొక్కి' చేరింది. మల్లినాథుడు చేసిన పనీ వ్యాఖ్యానమే గనుక ఆయనను తద్భవంలో చెప్పాలంటే వక్కాణించినవాడే.

ఉద్ఘాటించడం ఇంకా దూరం ప్రయాణించింది. సంస్కృతంలో ఉద్ఘాటనం అంటే తెరవడం, మూత తీయడం. అమరకోశమైతే బావిలో నీళ్లు తోడే యంత్రానికి కూడా ఈ పేరు ఇచ్చింది. హిందీలో, మరాఠీలో, కన్నడంలో ఉద్ఘాటన అంటే ప్రారంభోత్సవం: రిబ్బను కత్తిరించడం, శిలాఫలకం మీద తెర తీయడం. తెలుగులో మాత్రం మంత్రిగారు వంతెనను ప్రారంభిస్తారు, అభిప్రాయాన్ని ఉద్ఘాటిస్తారు. మనసులోది తెరిచి చెప్పడం అనే దారిలో ఈ అర్థం వచ్చిందనుకోవచ్చు. బిగ్గరగా చాటడం అనే అర్థమున్న 'ఉద్ఘోషించు' పోలిక కూడా కొంత సాయం చేసి ఉంటుంది. ఢిల్లీ నుంచి వచ్చిన హిందీ ప్రకటనను తర్జుమా చేసే కొత్త విలేఖరులు తడబడేది ఇక్కడే. ఇక 'పునరుద్ఘాటించారు' అంటే ధాత్వర్థం ప్రకారం ఒకసారి తెరిచిందాన్ని మళ్లీ తెరవడం. అదే మాట నిన్నా చెప్పారని సున్నితంగా తెలియజేయడానికి విలేఖరులకు ఇంతకన్నా మర్యాదైన క్రియ లేదు.

పత్రికాఫీసుల్లో ఈ క్రియల పంపకం రాయని నిబంధనలా నడుస్తుంది. న్యాయస్థానం తేల్చి చెబుతుంది. ముఖ్యమంత్రి స్పష్టం చేస్తారు. పార్టీ అధ్యక్షుడు ఉద్ఘాటిస్తారు. పార్టీ మారబోయే నాయకుడు కుండబద్దలు కొడతాడు. చరిత్రకారులూ భాషావేత్తలూ ఘంటాపథంగా చెబుతారు. అందరూ చేసేది ఒకటే, చెప్పడం. కానీ డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు ఎవరి గొంతుకు ఏ తూకమో చూసి వేస్తాడు.

నోటితో కాక వాద్యంతో నొక్కి చెప్పే పద్ధతి పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉంది. శిస్తు గడువు, సంత రోజు, జాతర ముహూర్తం, ఏదైనా సరే డప్పు కొట్టి వీధి వీధినా చాటింపు వేసేవారు. 'చాటి చెప్పడం' అనే నుడికారం ఆ పని నుంచే నిలిచింది. చాటింపుకే మరో పేరు దండోరా. హిందీ 'ఢింఢోరా'కు చుట్టం. డప్పు కొట్టిన చేతులది ఒక కులం, ఆ చాటింపులోని ఆజ్ఞ ఇంకొకరిది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మొదలైన ఉద్యమం 'మాదిగ దండోరా' పేరుతో జనంలోకి వెళ్లినప్పుడు ఆ లెక్క తిరగబడింది. ఊరివాళ్ల కబురు మోసిన వాద్యమే మాదిగల హక్కుల మాట మోసింది. గట్టిగా చెప్పడానికి తెలుగులో ఉన్న పదాలన్నిటిలోనూ సామాజిక చరిత్ర ఇంత బరువుగా ఉన్నది మరొకటి కనబడదు.

వీధిలో నలుగురి ముందు చెప్పడం ఒక పద్ధతైతే, పైనున్నవాడిని సాక్షిగా పిలవడం రెండోది. శపథం, శాపం ఒకే ధాతువు నుంచి వచ్చాయి. నేను చెప్పింది అబద్ధమైతే నాకు కీడు జరగాలని తనను తాను శపించుకోవడమే శపథం. 'నీ మీద ఒట్టు' అనడంలో ఆ కీడు ఎదుటివాడి మీదికి మళ్లుతుంది, అందుకే తల్లులు పిల్లలను ఆ మాట అననివ్వరు. 'అమ్మతోడు', 'దేవుడి తోడు' అనేవి సాక్షిని పక్కన నిలబెట్టుకుని చెప్పే మాటలు. ఆజ్ఞ అనే సంస్కృత పదం 'ఆన'గా మారి ఆజ్ఞనూ ఒట్టునూ కూడా చెప్పేది. కన్నడంలో 'దేవరాణె' అన్నప్పుడు అదే 'ఆణె' నేటికీ బతికి ఉంది.

ప్రమాణం సంగతి వేరు. కొలవడం అనే అర్థమున్న 'మా' ధాతువు దానికి మూలం. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం వంటి జ్ఞానసాధనాలు ప్రమాణాలు. తెలుగు జనవ్యవహారంలో మాత్రం ప్రమాణమంటే ముందుగా గుర్తొచ్చేది దేవుడి ఎదుట చేసేది. చిత్తూరు జిల్లా కాణిపాకం వరసిద్ధి వినాయకుడు ఇందుకు ప్రసిద్ధుడు. అక్కడ అబద్ధం చెబితే స్వామి శిక్షిస్తాడన్న నమ్మకంతో అప్పుల తగాదాల నుంచి దొంగతనం ఆరోపణల దాకా ఆ సన్నిధిలో తేల్చుకుంటారు. రాజకీయ నాయకులు విలేఖరుల సమావేశాల్లో 'దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం' అని సవాళ్లు విసురుకోవడం పరిపాటి. విసిరినన్ని సవాళ్లకు తగినన్ని ప్రయాణాలు జరగవు.

చట్టం దేవుడిని తప్పనిసరి చేయలేదు. రాజ్యాంగం 3వ షెడ్యూలు మంత్రులకు, శాసనసభ్యులకు, న్యాయమూర్తులకు రెండు దారులు ఇచ్చింది: దేవుడి పేరున ప్రమాణం చేయవచ్చు, లేదా గంభీరంగా ధ్రువీకరించవచ్చు. సాక్షులకు కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం అదే వెసులుబాటు ఇస్తుంది. నాస్తికుడి మాటా దైవభక్తుడి మాటా న్యాయస్థానంలో ఒకే తూకం.

ప్రతిజ్ఞ అనే పదం నేరుగా తర్కం నుంచి వచ్చింది. న్యాయదర్శనంలో వాదానికి అయిదు అవయవాలు. నిరూపించదలచిన విషయాన్ని ముందుగా నిర్ధారించి చెప్పే మొదటి వాక్యమే ప్రతిజ్ఞ. హేతువు, ఉదాహరణ ఆ తర్వాత వస్తాయి. కొండ మీద నిప్పుందన్నది ప్రతిజ్ఞ, పొగ కనిపిస్తోందన్నది హేతువు. పురాణాల్లో అది భీష్ముడి ప్రతిజ్ఞలా కఠినమైన కట్టుబాటు అయింది. బడిలో పిల్లలు చేయి చాచి చెప్పేది మూడోది. దేశమంతటా బడుల్లో వినిపించే ఆ జాతీయ ప్రతిజ్ఞను మొదట రాసింది తెలుగులోనే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్నప్పుడు 1962లో దాన్ని రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశవ్యాప్తంగా బడుల్లో అమలైంది. అందులో ఒట్టు లేదు, శాపం లేదు, దేవుడి పేరు లేదు. చిన్న చిన్న వాక్యాల్లో 'నేను' అనే కర్త నిలబడి చెప్పడమే దాని బలం. కోట్ల మంది పిల్లలు కంఠస్థం చేసిన ఆ వాక్యాల రచయిత పేరు మాత్రం చాలా కాలం పాఠ్యపుస్తకాలకెక్కలేదు.

ఇన్ని పెద్ద పదాలు లేకుండానే గట్టిగా చెప్పడం తెలుగు వ్యాకరణానికి వచ్చు. పదం చివర ఒక్క 'ఏ' చేరిస్తే చాలు. 'వాడు తీశాడు' అన్నది సమాచారం, 'వాడే తీశాడు' అన్నది నిర్ధారణ. వ్యాకరణంలో దీన్ని అవధారణ అంటారు. ఇంకా ముద్దొచ్చేది ఆమ్రేడితం. పగలు పగలు అని రెండుసార్లు అంటే 'పట్టపగలు' అవుతుంది. అలాగే చిట్టచివర, మొట్టమొదట, నట్టనడుమ, ఎట్టఎదురు, నిట్టనిలువు, బట్టబయలు. మొదటి పదంలో తొలి అక్షరం ఉంచి మిగతాదాని స్థానంలో జంట టకారం తెచ్చే ఈ సంధిని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. పట్టపగలు అన్నప్పుడు వెలుతురు పెరగదు గానీ చెప్పేవాడి పట్టు పెరుగుతుంది. ఇక 'ముమ్మాటికీ' అనేది లెక్క పెట్టి చెప్పడం: మూడు మాట్లు, అంటే మూడుసార్లు, చెప్పినంత నిజం. 'ఆరు నూరైనా' అన్నవాడు అసాధ్యాన్ని పందెం కాస్తాడు.

ఘంటాపథానికి తిరిగి వస్తే, ఇప్పటి వాడుకలో దానికి రాతలో కష్టాలున్నాయి. దారి అనే మూలం మరుగున పడడంతో 'ఘంటాపధం' అని 'ధ' అక్షరంతో రాసేవారు ఎక్కువయ్యారు. పథం గుర్తుంటే ఈ పొరపాటు జరగదు. జనపథం, రాజపథం, ఛాయాపథం అన్నిటా ఉన్నది ఆ 'థ' అక్షరమే. 'గంటాపథం' అనే రూపం కూడా అక్కడక్కడ అచ్చులో కనిపిస్తుంది. నామవాచకంగా దారి అనే అర్థంలో దీన్ని ఎవరూ వాడడం లేదు. క్రియావిశేషణంగా 'ఘంటాపథంగా' అనే ఒక్క రూపమే నిలిచింది, అదీ ఎక్కువగా చెప్పు అనే క్రియ పక్కనే. ఘంటాపథంగా నవ్వాడనో, ఘంటాపథంగా తిన్నాడనో అనడం లేదు.

దీనికి మిగతా నుడికారాలకు లేని ఇంకో సౌకర్యం ఉంది: వ్యతిరేకార్థంలో హాయిగా ఇముడుతుంది. 'కుండబద్దలు కొట్టలేం' అనో, 'ఢంకా బజాయించలేం' అనో ఎవరూ రాయరు. 'ఘంటాపథంగా చెప్పలేం' మాత్రం శాసనాల కాలనిర్ణయాల్లో, కవుల స్వగ్రామాల చర్చల్లో, వర్షాల అంచనాల్లో రోజూ వినబడుతుంది. తెలుగు పరిశోధన వ్యాసాల్లో ఈ పదం కనిపించే చోట్లు ఏరితే, చెప్పినవాటికన్నా చెప్పలేమన్నవే ఎక్కువ ఉండవచ్చు.